చింతపండుతో తోమిన పాటలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తెనాలిలో వెబ్‌సైట్లు చేసి పెడతామని బోర్డు కట్టుకున్న మనిషిని నేను. కింద బట్టల షాపు, పైన మా గది. మెట్ల దగ్గరే అందరిచేతా చెప్పులు విప్పించేదాన్ని. కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదని అప్పట్లో అందరూ నమ్మేవాళ్ళు. దుమ్ము సంగతి ఎలా ఉన్నా, వచ్చినవాళ్ళకి దానివల్ల కాస్త భయభక్తులు ఏర్పడేవి. నాకు ఓపిక తక్కువ కాబట్టి ఆ భయభక్తులు బాగా పనికొచ్చేవి.

ఓపిక ఎలా ఉంటుంది చెప్పండి. వచ్చిన ప్రతివాళ్ళకీ పేజీ మీద అక్షరాలు పరిగెత్తాలి, దీపాలు మిణుకుమిణుకుమనాలి, తెరవగానే సన్నాయి మోగాలి, శుభలేఖ మీద లాగా నాలుగు మూలలా పువ్వులు ఉండాలి. ఇవన్నీ పెడితే పేజీ తెరుచుకునేలోపు చూసేవాడు లేచి వెళ్ళి కాఫీ తాగి వస్తాడని ఒకాయనకి చెప్పాను. "తాగే రానివ్వండి, మనకేం తొందర" అన్నాడు. అలాంటివాళ్ళతో వాదించి వాదించి సాయంత్రానికి నా గొంతు బొంగురుపోయేది.

మాస్టారు రేపల్లె నుంచి పొద్దుటి ప్యాసింజర్‌లో వచ్చారు. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో కూరగాయల సంచి. ఆ సంచిలోంచి క్యాసెట్లు ఒక్కొక్కటే తీసి నా బల్ల మీద పేర్చారు.

"మా ఇంటావిడ పాడినవమ్మా. మంగళహారతులు. వీటిని ఇంటర్నెట్‌లో పెట్టాలి."

"ఎవరు వింటారండి?" అన్నాను.

"ఆ సంగతి నాకొదిలెయ్యండి. మీకు పెట్టడం వచ్చా, రాదా?"

ఆయన నాకు అక్కడే నచ్చేశారు.

తర్వాత మెల్లగా సంగతి చెప్పారు. రేపల్లెలో వాళ్ళ చుట్టుపక్కల పెళ్ళయినా, సీమంతమైనా, పేరంటమైనా హారతి పాట కావాలంటే ఆవిడకే కబురు వెళ్ళేదట. ఆ మధ్య ఆవిడ గొంతుకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం నిలిచింది కానీ గొంతు పోయింది. ఇప్పుడు గుసగుసగా తప్ప మాట రాదు. అప్పటినుంచి పేరంటాలకు వెళ్ళడం మానేశారు. ఇంట్లో తన క్యాసెట్ పెడితే లేచి పెరట్లోకి వెళ్ళిపోతారు.

"తను వినదు. పోనీ ఇంకెవరైనా వింటారేమోనని," అన్నారు మాస్టారు. "ఇలా మీ దగ్గరికి వస్తున్నట్టు తనకి చెప్పలేదు. చెబితే వద్దంటుంది."

ఆ వయసు మగవాళ్ళు భార్య పాట గురించి ఇలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు ముచ్చటేసింది. కొంచెం ఈర్ష్య కూడా కలిగింది, దాచడం ఎందుకు.

టేప్ రికార్డర్ నుంచి ఒక వైరు తెచ్చి కంప్యూటర్ వెనక గుచ్చి, పాట ఎంతసేపుంటే అంతసేపూ కూర్చుని ఎక్కించాలి. తొందరపెట్టడానికి వీల్లేని పని. మొదటి క్యాసెట్ పెట్టాక నాకు తొందర కూడా పోయింది. ఆవిడది కచేరీల గొంతు కాదు. పిట్టగోడ అవతల మనిషితో మాట్లాడుతున్నంత మామూలుగా మొదలుపెట్టేవారు. రెండో చరణానికి వచ్చేసరికి నేను బల్ల మీద చేతులు కదపడం మరిచిపోయేదాన్ని. వెనకాల కుక్కరు కూత, కాకులు, బిందె కింద పెట్టిన చప్పుడు అన్నీ వినిపించేవి. ఒక హారతిలో అయితే మధ్యలో పాట ఆగిపోయింది. ఏదో మూత తీసిన చప్పుడు. కాస్త నిశ్శబ్దం. మళ్ళీ ఎక్కడ ఆపారో సరిగ్గా అక్కడ, అదే శ్రుతిలో అందుకున్నారు.

"ఈ ముక్క కోసేద్దామండి," అన్నాను.

"పాలు పొంగుతుంటే మూత తీసిందమ్మా. కోసేస్తే అది మా ఇంట్లో పాడిన పాట కాకుండా పోతుంది."

ఫైలు పెద్దదైతే దించుకునేవాళ్ళ ప్రాణం తీస్తుందని, అవసరంలేని చప్పుళ్ళు తీసెయ్యడమే పద్ధతని నా విద్యంతా ప్రదర్శించాను. ఆయన వినలేదు. పాలూ కుక్కరూ కాకులూ అలాగే ఉండిపోయాయి.

పేజీ దగ్గర మాత్రం నేను గెలిచాను. ఆయనకీ దీపాలు మిణుకుమనాలని ఉంది. "మాస్టారూ, మీరు బోర్డు మీద రంగురంగుల సుద్దముక్కలతో రాస్తే పిల్లలు పాఠం చదువుతారా, రంగులు చూస్తారా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, దీపాలు ఆర్పెయ్యమన్నారు. తెల్లటి పేజీ, వరసగా పాటల పేర్లు, పక్కన ఫైలు ఎంత పెద్దదో ఒక అంకె, పైన ఒక చిన్న ఫోటో. అంతే. తెలుగు అక్షరాలు వేరే కంప్యూటర్లలో పిచ్చి గీతల్లా కనబడే రోజులవి, అందుకని పేర్లన్నీ బొమ్మలుగా చేసి పెట్టాను. పాట దానంతట అది మోగకూడదని, కావలసినవాళ్ళు నొక్కి దించుకోవాలని చెప్పాను. అన్నిటికీ సరే అన్నారు. చివర్లో ఒక్కదానికి మొండికేశారు. పేజీ అడుగున వాళ్ళింటి ఫోన్ నంబరు ఉండాలట.

"ఎవరెవరో చేస్తారండి, మీకే విసుగు."

"చెయ్యనివ్వండి. మనింటికి వచ్చినవాళ్ళు వెళ్ళేముందు ఎవరికో ఒకరికి చెప్పి వెళ్ళాలి కదా."

పెట్టాను, గొణుక్కుంటూనే.

పాటల్ని నెట్‌లోకి ఎక్కించడం ఒక యజ్ఞమైంది. ఫోన్ లైనులోంచే ఇంటర్నెట్ వచ్చేది. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే సగం ఎక్కిన పాట తెగిపోయి మళ్ళీ మొదటినుంచీ. అన్నీ ఎక్కాక మాస్టారికి కబురు పెట్టాను. మా కంప్యూటర్‌లో చూపిస్తే నమ్మరని, ఆ వీధిలోనే ఉన్న నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. అక్కడి కంప్యూటర్‌కీ నాకూ ఏ సంబంధమూ లేదు కదా. అడ్రసు కొట్టాను. ఫోటో పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగింది. ముందు జడలో పూలు, తర్వాత నుదురు, తర్వాత కళ్ళు. ఒక పాట నొక్కి, అది పూర్తిగా దిగేదాకా కూర్చున్నాం. హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టాను.

పాట అయ్యాక అడిగారు. "ఇప్పుడీ పాట ఎక్కడుందమ్మా?"

"ఏదో దేశంలో ఒక పెద్ద గదిలో ఉందండి. అక్కడ కంప్యూటర్లు రాత్రీ పగలూ ఆపకుండా నడుస్తుంటాయి. మనం అడిగితే అక్కడినుంచి వస్తుంది. ఎవరడిగినా వస్తుంది."

"మా ఆవిడ విజయవాడ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు," అన్నారు. అని, ఆ తెరకి చేతులు జోడించారు.

రోజూ చేసే పనే అది. హోస్టింగ్ అంటే ఎక్కడో చోటు అద్దెకు తీసుకుని మన ఫైళ్ళు అక్కడ పెట్టడమని పదిమందికి పాఠంలా చెప్పేదాన్ని. కానీ నేను చేస్తున్నది ఎంత వింతైన పనో ఆయన చేతులు జోడించాకే నాకు తెలిసింది. రేపల్లెలో ఒక వంటింట్లో పొంగిన పాలు భూమికి అవతలి వైపున వినిపిస్తున్నాయి.

వెళ్ళేముందు పాటలన్నీ సీడీల్లో రాసి రెండు సెట్లు ఇచ్చి, అందరికీ చెప్పే మాటలే ఆయనకీ చెప్పాను. "సైటుని నమ్ముకుని కూర్చోవద్దండి. అది చూపించుకునే చోటు, దాచుకునే చోటు కాదు. ఒక సెట్టు మీ దగ్గర పెట్టుకుని, రెండోది వేరే ఊళ్ళో ఉంచండి. మీ పక్క ఊరు నగరంలో మీ తమ్ముడుగారు ఉన్నారన్నారుగా, ఆయనకివ్వండి. ఒక ఇంటికి ఏమైనా అయితే రెండో ఇల్లుంటుంది." తలాడించారు. ఆయన క్లాసులో వెనక బెంచీ పిల్లలు కూడా అలాగే తలాడించి ఉంటారు.

రెండు మూడేళ్ళు గడిచాయి. ఒక దసరా వెళ్ళాక మాస్టారు మళ్ళీ మెట్లెక్కి వచ్చారు. ఆ సంచే. ఈసారి అందులోంచి సీడీలు తీశారు. కొత్తవాటికంటే ఎక్కువగా మెరుస్తున్నాయి. ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి చూస్తే, దానిలోంచి కిటికీ ఊచలు కనబడ్డాయి.

"ఏంటండి ఇది?"

కుర్చీలో కూర్చుని, నీళ్ళు తాగి, చెప్పారు. నేనిచ్చిన రెండు సెట్లూ దేవుడి గదిలోనే పెట్టారట. "స్నానం చెయ్యకుండా ఎవరూ అడుగుపెట్టరు. పిల్లలు ముట్టుకోరు. అంతకంటే భద్రమైన చోటు ఏముంటుందమ్మా," అన్నారు. ఈలోగా ఇంట్లోకి ఒక కంప్యూటర్ కూడా కొనుక్కుని పాటలు అందులోనూ వేసుకున్నారు. దసరాకి అందరూ పనిముట్లకీ వాహనాలకీ పూజ చేస్తారు కదా, ఈయన కంప్యూటర్ పెట్టెని తెచ్చి దేవుడి ముందు పెట్టారు. దానికీ, ఒక్కో సీడీకీ గంధం, కుంకుమ బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. కాయలో నీళ్ళు ఎక్కువ. మర్నాడు స్విచ్ వేస్తే పెట్టెలోంచి పొగ వచ్చింది.

పండగ అయ్యాక ఆవిడ ఎప్పటిలాగే దేవుడి సామాను తోమడానికి పెరట్లో వేసుకున్నారు. కుందులు, గంట, హారతి పళ్ళెం. వాటితోపాటు ఎండిపోయిన గంధం బొట్లతో ఈ గుండ్రటి పళ్ళేలు కూడా కనబడ్డాయి. అవేంటో ఆవిడకి తెలియదు, ఆయన చెప్పలేదు. చింతపండు పెట్టి కొబ్బరిపీచుతో రెండు వైపులా తోమి, కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, మళ్ళీ ఎక్కడివి అక్కడ సర్దేశారు.

"ఎంత శుభ్రంగా తోమిందో చూడండి," అన్నారు మాస్టారు. ఆ గొంతులో దిగులుతోపాటు కాస్త గర్వం కూడా ఉందని ఇప్పటికీ నా అనుమానం.

నాకు నవ్వొచ్చింది, ఆయన మొహం చూసి మింగేశాను. సీడీలో పాట ఉండేది మెరిసే వైపు అడుగున ఎక్కడో కాదు, పేరు రాసుకునే వైపు పైపైన ఉండే పల్చటి పొరలో. గోటితో గట్టిగా గీకినా లేచిపోతుంది. చింతపండూ పీచూ సంగతి చెప్పేదేముంది.

"క్యాసెట్లు ఉన్నాయి కదండీ?"

"కంప్యూటర్లో ఉన్నాయి కదాని, వాటిమీద రేడియోలో వచ్చే ప్రవచనాలు రికార్డు చేసుకున్నాను."

మా షాపులో కాపీ లేదు. ఆ రోజుల్లో డిస్కుల్లో చోటు ఎంతని, పని అప్పగించాక పాత ఫైళ్ళు తీసేసేవాళ్ళం. ఇక సైటు. హైదరాబాద్‌లో ఒకతను టోకున చోటు తీసుకుని మాలాంటివాళ్ళకి చిల్లరగా ఇచ్చేవాడు. కొన్ని నెలల కిందట అతని ఫోన్ మోగడం మానేసింది. అతనితోపాటు అతను దాచిన సైట్లూ పోయాయి. నేనుగా చేసిన పేజీలు మళ్ళీ చేసుకోగలిగాను. పాటలు ఎక్కడినుంచి తేను?

కంప్యూటర్ డిస్కుని విజయవాడలో తెలిసినవాళ్ళకి చూపించాను. విప్పి చూసి పెదవి విరిచారు. ఆ మాట చెప్పడానికి మాస్టారిని పిలిపించిన రోజు, ఆయన తన పాటల గురించి దిగులుపడతారనుకున్నాను. ఆయన దిగులు వేరు.

"తనకి తెలియకూడదమ్మా. గొంతు ఒకసారి ఆపరేషన్‌లో పోయింది. మిగిలింది తన చేత్తో తనే తోమేసిందని తెలిస్తే..." అని ఆపేశారు.

ఏదో ఒకటి అడగాలని అడిగాను. "సైటు రావడంలేదని మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"బాపట్ల నుంచి ఒకమ్మాయి ఫోన్ చేస్తూనే ఉంటుంది. ఎప్పుడు బాగవుతుందండీ అని. నేనే ఏదో సర్దిచెప్పి పెట్టేస్తున్నాను."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఇంతసేపూ ఈ మాట చెప్పరేంటి మాస్టారూ" అని గట్టిగానే అరిచాను, పెద్దాయన అని కూడా చూడలేదు. అప్పటి ఇంటర్నెట్‌లో పాటని నేరుగా వినడం కుదిరే పని కాదు. విన్నారంటే ముందు తమ కంప్యూటర్‌లోకి దించుకునే ఉండాలి.

నంబరు ఆయన జేబులో చిన్న కాగితం మీద ఉంది. మా షాపు ఫోన్‌లోంచే చేశాం. ఆమె బాపట్లలో ఒక లెక్చరర్ భార్య, కొత్త కోడలు. తల్లి చిన్నప్పుడే పోయిందట. తన పెళ్ళిలో హారతి పాడేవాళ్ళు లేక ఎవరో టేపు పెట్టారట. అది మనసులో ఉండిపోయి, నెట్‌లో వెతుకుతుంటే ఈ పేజీ కనబడింది.

"ఉన్నాయండి, అన్నీ దించుకున్నాను," అంది. "మూడు మాత్రం సగంలో తెగిపోయాయండి. వాటికోసమే మాస్టారుగారిని విసిగిస్తున్నాను."

"ఆ ఉన్నవి మాకిస్తారా అమ్మా?"

"అంతకంటేనా అండి. కానీ ఒక్కటి. అమ్మగారిని తీసుకురండి. నాకు పాటలు నేర్పిన ఆవిడకి నేను పసుపు కుంకుమ ఇచ్చుకోవాలి."

మాస్టారు రిసీవర్‌ని అరచేత్తో మూసి నావైపు బేలగా చూశారు. నాకు ఆ అమ్మాయి మీద అప్పుడే గౌరవం పుట్టింది. తనకి తెలియని ఊళ్ళోని, తెలియని మనిషి పాటల్ని ఇన్నాళ్ళూ పదిలంగా కాపాడుతూ ఉంది. ఎవరూ చెప్పకుండానే.

పసుపు కుంకుమకి పిలిస్తే ఆవిడ కాదనరు. బాపట్లలో ఒకమ్మాయి తాంబూలానికి పిలుస్తోందని మాత్రం చెప్పి, మాస్టారు ఆవిడని నగరం మీదుగా వెళ్ళే బస్సులో తీసుకొచ్చారు. నేను తెనాలి నుంచి రైల్లో వెళ్ళాను. నన్ను తెలిసినవాళ్ళమ్మాయని పరిచయం చేశారు. ఆవిడని అప్పుడే మొదటిసారి చూడటం. ఇన్ని రోజులు చెవుల్లో మోగిన మనిషి, నా చెయ్యి పట్టుకుని పెదాలు కదిపి నవ్వారు. చప్పుడు లేదు.

ఆ అమ్మాయి ఇంట్లో నేను లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని కంప్యూటర్ తెరిచాను. పాటలన్నీ ఉన్నాయి. ఒక్కోదాన్ని ఏ వేడుకలో పాడాలో చూసి పేరు మార్చి, వరసగా పెట్టుకుంది. ఒకటి చిన్నగా మోగించాను. కుక్కరు కూత వినబడింది. సీడీ రాయడం మొదలుపెట్టి, అది అయ్యేదాకా కళ్ళార్పకుండా కూర్చున్నాను.

సీడీ చేత్తో పట్టుకుని బయటికి వచ్చేసరికి ముందుగదిలో ఆ కోడలు ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలకి పసుపు రాసి, పళ్ళెం పట్టుకుని హారతి పాడుతోంది. ఆవిడ పాటే. ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకునేవారో అక్కడే తీసుకుంటోంది. మధ్యలోకి వచ్చి ఆగింది. పళ్ళెం కదలకుండా పట్టుకుంది. కాస్త నిశ్శబ్దం. మళ్ళీ అదే శ్రుతిలో అందుకుంది.

ఆవిడ తలెత్తి చూశారు. భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుస్తున్నారనుకుని నేను ముందుకు అడుగేశాను. ఏడుపు కాదు, నవ్వు.

"తప్పు పాడానా పెద్దమ్మగారూ?" అంది కోడలు, బెదిరిపోయి.

ఆవిడ ఆ పిల్లని దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పారు. గది అంతా నిశ్శబ్దంగా ఉండటంవల్ల అందరికీ వినబడింది. "అక్కడ పాలు పొంగాయమ్మా."

అప్పుడు ఆవిడ చూపు నా చేతిలోని సీడీ మీద పడింది. దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇలాంటివి మా దేవుడి గదిలో ఉండేవి. చింతపండు పెట్టి తోమాను," అన్నారు గుసగుసగా.

మాస్టారు నేలచూపులు చూస్తున్నారు. ఇక దాచి లాభం లేదని ఆయనకీ తెలిసింది. "అవి నీ పాటలే," అన్నారు. "అన్నీ అందులోనే ఉండేవి. ఇప్పుడు ఈ అమ్మాయి దగ్గర తప్ప ఎక్కడా లేవు."

ఆవిడ ఆ సీడీని మళ్ళీ ఒకసారి వెలుతురుకి తిప్పి చూశారు. తర్వాత మాస్టారివైపు తిరిగారు.

"ముందే చెబితే కాస్త మెత్తగా తోమేదాన్ని కదండీ."

ముందు నవ్వింది మాస్టారే. నవ్వుతూ నవ్వుతూ కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. ఇన్ని రోజులు ఆయన ఒక్కరూ మోసిన భయాన్ని ఆవిడ ఆ ఒక్క మాటతో దించేశారు.

భోజనాలయ్యాక కోడలు మెల్లగా అడిగింది. ఆ మూడు పాటలూ సగమే ఉన్నాయని, మిగతాది తనకెలా వస్తుందని. ఆవిడ ఆ అమ్మాయిని బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఒక చరణం చెవిలో చెప్పారు. ఆమె పాడింది. ఆవిడ తల అడ్డంగా ఊపి, బల్ల మీద వేళ్ళతో తాళం కొట్టి చూపించారు. మళ్ళీ పాడింది. మళ్ళీ తాళం. పేరంటాలు మానేసి, తన గొంతే వినడం మానేసిన మనిషికి ఒక్క మాట కూడా పోలేదు. ఎక్కడ దాచారో, ఎన్నాళ్ళు దాచారో. రెండు సెట్లు, రెండు ఊళ్ళు అని జనానికి పాఠాలు చెప్పుకునే నేను నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను.

మాస్టారు రికార్డు చెయ్యమని నాకు సైగ చేశారు. నేను కంప్యూటర్ మైకు తీయబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "ముందు పిల్లని నేర్చుకోనివ్వండి."

నేర్చుకునేదాకా ఆగాం. ఆ తర్వాతే రికార్డు చేశాం.

సైటు మళ్ళీ పెట్టాను, ఈసారి కాస్త పెద్ద కంపెనీ దగ్గర. సీడీలు తెనాలిలో ఒక సెట్టు, బాపట్లలో ఒక సెట్టు. నగరంలో తమ్ముడింటికి మాస్టారే స్వయంగా వెళ్ళి ఇచ్చి వచ్చారు. దేవుడి గదిలో పెట్టొద్దని కూడా గట్టిగా చెప్పారట.

ఆ మూడు పాటలు శుభ్రం చేస్తున్నప్పుడు కోడలి గొంతు వెనకాల బల్ల మీద టక్ టక్ మని చప్పుడు దొరికింది. అప్పటికి నా దగ్గర అలాంటివి తీసేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఒక్క నొక్కు చాలు. తీయలేదు. ఇప్పటికీ విన్నవాళ్ళు ఎవరో ఒకరు ఫోన్ చేసి, పాట బాగుంది కానీ వెనకాల ఆ చప్పుడేంటండి అని అడుగుతారు. పాడుతున్నది ఆవిడేనండి అని చెబుతాను.